ఒకటి తగ్గించి చెప్పే మోజెల్

మోజెల్ పిట్‌మన్ ఏ వంట ఎలా చెయ్యాలో ఎవరికి చెప్పినా అందులో ఒక్కటి దాచుకుంటుంది. దాచుకోకపోతే ఆమెకి తిన్నది అరగదు. పిండి చెబుతుంది, వెన్న చెబుతుంది, గుడ్లు చెబుతుంది, పొయ్యి ఎంత వేడిగా ఉండాలో కూడా చెబుతుంది. ఇంకొకటేదో మిగిలి ఉంటుంది. అది మాత్రం ఆమె గొంతు దాటి బయటికి రాదు.

ఇందులో మా ఊరివాళ్ళకి వింతేమీ లేదు. దక్షిణ జార్జియాలో, అందులోనూ మా స్వీట్‌గమ్‌లో, మేం పెద్ద మర్యాదస్తులం. పక్కింటావిడ వచ్చి "మీరు కేకు ఎలా చేస్తారండీ" అని అడిగితే చెప్పననడం మర్యాద కాదు. అన్నీ చెప్పెయ్యడం తెలివీ కాదు. అందుకని మా ఆడవాళ్ళు ఆవిడని ప్రేమగా కూర్చోబెట్టి, చల్లటి తీపి టీ చేతికిచ్చి, ఒక్కటి తగ్గించి చెబుతారు. అడిగినావిడకీ ఆ సంగతి తెలుసు. ఇంటికెళ్ళి ఆ ఒక్కటీ ఏమై ఉంటుందా అని తల బద్దలు కొట్టుకుంటుంది. మా నాయనమ్మ తన కేకు రహస్యం తనతోనే పట్టుకుపోయింది. చివరి ప్రార్థన చేసి బయటికొస్తున్న పాస్టరుగారిని మా మేనత్తలు గుమ్మంలో అడ్డగించి, "మీతో ఏమన్నా చెప్పిందా?" అని నిలదీశారు. ఆవిడ ఆత్మశాంతి గురించి అడుగుతున్నారనుకుని ఆయన చాలాసేపు సమాధానం చెప్పారు.

తేడా ఏమిటంటే, మా ఆడవాళ్ళు ఈ పని వంటింట్లో చేశారు. మోజెల్ దేశమంతా చూసే టీవీలో చేసింది.

ఆమె మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క. మా ఊరి రేడియోలో నేను పొద్దున్నే పంటల ధరలు, చావు కబుర్లు చదివేవాణ్ణి. రెండింటికీ మధ్య కాస్త ఖాళీ ఉండేది. అందులో ఏదైనా వంట గురించి మాట్లాడమని ఆమెని పిలిచింది నేనే. మొదటిరోజు మజ్జిగ పోసి కాల్చే మెత్తటి బిస్కెట్ల గురించి ఎంత ఊరిస్తూ చెప్పిందంటే, సగం ఊరు అప్పటికప్పుడు పొయ్యి వెలిగించింది. మధ్యాహ్నం పశువుల దాణా అమ్మే కార్ల్‌టన్ వచ్చి అందులో ఒకటి నా బల్లమీద పడేశాడు. టక్కుమంది.

"దీన్ని మా కొట్టు తలుపు కింద పెట్టుకుంటున్నా. ఎంత గాలొచ్చినా తలుపు కదలట్లేదు. మీ అక్కకి నా నమస్కారాలు చెప్పు" అన్నాడు.

"అక్కా, పిండి పొంగడానికి ఏదో వెయ్యాలి కదా, చెప్పలేదేం?" అని ఆమెని అడిగాను.

"చెప్పలేదూ? అయ్యో" అంది మోజెల్. ఆ అయ్యోలో ఎంత వెతికినా విచారం కనబడలేదు.

అయినా జనం ఆమెని వదల్లేదు. ఆమె మాట్లాడుతుంటే నోట్లో నీళ్ళూరేవి, కోపం నిలిచేది కాదు. రేడియో అయ్యాక జిల్లా టీవీ వచ్చింది, దాని వెనకే దేశమంతా చూసే పెద్ద ఛానెల్ వచ్చింది. వాళ్ళు అట్లాంటా రమ్మన్నారు. "నా పొయ్యి ఇక్కడుంది, మీకు కావాలంటే మీరే రండి" అంది. పాపం, వచ్చారు. పాత పత్తి గిడ్డంగిని స్టూడియో చేశారు. గోడమీద ఒక కిటికీ, దాని అవతల తోట ఉన్నట్టు బొమ్మ వేయించారు. నాకు పెద్ద అట్టలమీద వంట దినుసులు రాసి కెమెరా పక్కన పట్టుకునే ఉద్యోగం ఇచ్చారు.

అట్టమీద "మూడు గుడ్లు, చిటికెడు జాజికాయ" అని ఉంటుంది. మోజెల్ "మూడు గుడ్లు" అని చదివి ఆగి, దేశమంతా చూస్తుండగా నా వైపు జాలిగా తిరిగి, "హార్లన్, అట్ట తలకిందులుగా పట్టుకున్నావు నాయనా" అంటుంది. నేను సరిగ్గానే పట్టుకున్నాను. దేశంలో సగంమంది నాకు చదువు రాదనుకుంటారు.

మా దర్శకుడు లెస్టర్ ఉత్తరాది మనిషి, పద్ధతిగా పనిచేద్దామని వచ్చాడు. అన్నీ కెమెరాకి చూపించే మోజెల్ ఆ ఒక్కటీ వేసే వేళకి వీపు తిప్పేది. ఆమె వీపు తిప్పితే ఇంక వెనక ఏముందో దేవుడికే తెలియాలి. కెమెరా కుడికి జరిగితే ఆమె కుడికి జరిగేది. లెస్టర్ పట్టుదలగా పైకప్పుకి ఇంకో కెమెరా కట్టించాడు. ఆ రోజు మోజెల్ గొడుగంత టోపీ పెట్టుకొచ్చింది.

"వంట చేస్తూ టోపీ ఏమిటండీ?" అన్నాడు లెస్టర్.

"చర్చినుంచి సరాసరి వస్తున్నా నాయనా."

"ఇవాళ మంగళవారం కదండీ."

"దేవుడికి వారాలేమిటి" అంది మోజెల్.

ఇంకా ఇరుకున పడితే, "అదిగో, కిటికీలో ఎర్రపిట్ట" అనేది. అందరం తలలు తిప్పేవాళ్ళం. తిరిగి చూసేసరికి పని అయిపోయేది. ఒకసారి ఆ కిటికీ బొమ్మ వేసినవాడు అక్కడే ఉన్నాడు. అతను కూడా తల తిప్పి చూశాడు.

షో అయ్యాక జనం ఫోన్లు మొదలయ్యేవి. ఒహాయోనుంచి ఒకాయన, "మీరు చెప్పినట్టే చేశానమ్మా, మా కుక్క వాసన చూసి పక్కింటికి వెళ్ళిపోయింది" అన్నాడు. "మంచి కుక్క నాయనా, దాన్ని అమ్మకు" అంది మోజెల్. ఆ ఫోన్లన్నీ ఆమే ఎత్తేది. తలుపు మూసుకుని అందరితోనూ ఏదో గొణిగి పెట్టేసేది. బతిమాలించుకుని ఆ ఒక్కటీ చెబుతోందని మేమనుకున్నాం. ఇంత కీర్తి వచ్చాక ఆమాత్రం సరదా ఉండకూడదా అని ఊరుకున్నాం.

ఆ రోజుల్లో మా ఇంట్లో వేరే గొడవ నడుస్తోంది. మా అత్తగారు ఇడెల్లా బడిలో పిల్లలకి వండిపెట్టి రిటైరైంది. మామగారు పోయాక మా ఇంటికొచ్చింది. వచ్చి, ముందుగదిలో కుర్చీలో కూర్చుని రోడ్డు చూడ్డం మొదలుపెట్టింది. "ఏమన్నా తింటారా అత్తయ్యా?" అంటే ఊఁ. "పడుకుంటారా?" అంటే ఊఁ. అలాంటిది, ఉన్నట్టుండి ఆవిడ పౌడర్ రాసుకోవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం నేను ఇంటికి ఫోన్ చేస్తే ఎప్పుడు చూసినా లైను ఖాళీ ఉండేది కాదు.

"మీ అమ్మకి ఎవరో దొరికారే" అన్నాను మా ఆవిడ కార్లీన్‌తో.

"సిగ్గులేకపోతే సరి. ఆవిడ వయసేమిటి, మీ మాటలేమిటి" అని ఆమె కసిరింది. కసిరి, కాసేపాగి, "కార్ల్‌టన్ అంటారా?" అంది.

ఆ తర్వాత కార్ల్‌టన్ దాణా కొట్టుకి వెళ్ళినప్పుడల్లా నేను అతణ్ణి ఎగాదిగా చూసేవాణ్ణి. పాపం అతను నేను బస్తా తూకం అనుమానిస్తున్నాననుకుని ఇంకో దోసెడు ఎక్కువ పోసేవాడు.

ఇలా హాయిగా సాగుతుండగా పుస్తకం సంగతి వచ్చిపడింది. న్యూయార్క్‌లో ఒక పెద్ద ప్రచురణసంస్థ మోజెల్ వంటలన్నీ పుస్తకంగా వేస్తామంది. మోజెల్ ఉత్సాహంగా అన్నీ చెప్పి రాయించి పంపింది. అన్నీ అంటే ఆమె లెక్కలో అన్నీ. అక్కడ వాళ్ళ వంటవాళ్ళు ఒక్కొక్కటీ చేసి చూశారు. తర్వాత వాళ్ళ సంపాదకురాలు ఇన్‌గ్రిడ్ హాల్‌బెర్గ్ స్వయంగా విమానమెక్కి వచ్చింది. సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి, ముఖంలో నవ్వనేది లేదు. చేతిలో ఒక పెట్టె ఉంది. దాన్ని మోజెల్ బల్లమీద పెట్టి తెరిచింది. లోపల ఒక గిన్నె, అందులో గోధుమరంగు గడ్డ, గడ్డలో నిలబడ్డ గరిట ఉన్నాయి.

"ఇది మీ కారమెల్ కేకుమీద పోసే పాకం. గరిట రాలేదు. మా వంటాయన రెండు చేతులతో లాగాడు, నడుం పట్టేసింది" అంది ఇన్‌గ్రిడ్.

"పాపం. కర్పూర తైలం రాయమనండి" అంది మోజెల్.

"మోజెల్ గారూ, ప్రతి వంటలోనూ ఒకటి తక్కువుంది."

"అలాగా? తీపి టీ తాగుతారా?"

ఇన్‌గ్రిడ్ టీ ముట్టుకోలేదు. శుక్రవారంలోగా ప్రతి వంటకీ అన్నీ చెప్పాలి, లేకపోతే పుస్తకం లేదు. ఛానెల్‌వాళ్ళదీ అదే మాట. ఇంతమంది ఫిర్యాదులు భరించలేం, పుస్తకం ఆగితే షో కూడా ఆపేస్తాం అన్నారు. ఇదంతా ఆమె మర్యాదగానే చెప్పి తన మోటెల్‌కి వెళ్ళిపోయింది.

నేను కాళ్ళబేరానికి దిగాను. "అక్కా, ఇరవయ్యేళ్ళు కష్టపడి పైకొచ్చావు. ఇన్నేళ్ళ పేరు చిటికెడు వంటసోడా కోసం పోగొట్టుకుంటావా?"

మోజెల్ చేస్తున్న పని ఆపింది. "సోడా అని నీకెవరు చెప్పారు?"

"కారమెల్ పాకంలోకే కదా? మా అత్తగారు చేస్తుంటే చూశాను."

"ఎవరికన్నా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. చెప్పావంటే నీ పళ్ళు రాలతాయి" అంది.

అంటున్నప్పుడు ఆమె ముఖంలో హాస్యం లేదు. కుర్చీలో కూర్చుని, "షో లేకపోతే ఎలా హార్లన్" అంది. ఆమె భయపడగా చూడ్డం నాకదే మొదటిసారి. పేరు పోతుందని భయమే అనుకున్నాను. మరి చెప్పెయ్యొచ్చు కదా, ఈ పంతమేమిటో అర్థంకాక ఒళ్ళు మండింది.

మర్నాడు పొద్దున ఇన్‌గ్రిడ్ స్టూడియోకొచ్చింది. జుట్టు రేగి ఉంది, ఒక చెవి ఎర్రగా కందిపోయి ఉంది.

"హార్లన్ గారూ, హాయ్ట్ స్పైవీ ఎవరు?" అంది.

"రైళ్ళలో గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన. భార్య పోయాక మాట్లాడ్డం మానేశాడు పాపం. ఊరందరికీ ఆయన తలూపడమే తెలుసు."

"తలూపడమా?" అని ఆమె తన చెవి చూపించింది. "ఇది ఆయన చేసిన పనే."

జరిగింది ఇదీ. ఇన్‌గ్రిడ్ మోజెల్ గుట్టు లాగుదామని, గొంతు మార్చి, మామూలు ప్రేక్షకురాలిలా మోటెల్‌నుంచి షోకి ఫోన్ చేసింది. మాంసం, మొక్కజొన్న, టమాటాలు వేసి మావాళ్ళు గంటలకొద్దీ ఉడికించే బ్రన్స్‌విక్ పులుసు కుదరలేదంది. మోజెల్ వెంటనే, "అది నాకు తెలీదమ్మా, హాయ్ట్ గారికి తెలుసు. ఈ నంబరుకి చెయ్యి. గట్టిగా మాట్లాడు. మధ్యలో మాత్రం పెట్టెయ్యకు, కంచరగాడిద సంగతి వచ్చేదాకా ఆగు" అందిట.

"ఆగాను. ముందు ఆయన భార్య గురించి చెప్పాడు. తర్వాత ఆవిడ చెల్లెలి గురించి. తర్వాత వాళ్ళ కంచరగాడిద రైలెక్కి పారిపోయిన సంగతి. ఎక్కడ దిగిందో చెప్పకుండానే, 'పులుసులో రెండు చెంచాల చిక్కటి కాఫీ పొయ్యి తల్లీ, రేపు మళ్ళీ ఫోన్ చెయ్యి' అని పెట్టేశాడు" అంది ఇన్‌గ్రిడ్.

మేమిద్దరం హాయ్ట్ ఇంటికి వెళ్ళాం. ఆయన వరండాలో ఊగే కుర్చీలో, నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కాలో కూర్చుని ఉన్నాడు. టెలిఫోన్ తీగ లోపల్నుంచి కిటికీలోంచి ఆయన ఒళ్ళోకి వచ్చి ఉంది. మమ్మల్ని చూసి వేలు పెదాలమీద పెట్టి కూర్చోమని సైగ చేశాడు.

"అవునమ్మా, కాఫీయే. మా ఆవిడ కనిపెట్టింది" అంటున్నాడు ఫోన్‌లో. పెట్టేశాక నా మోచెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. "ఒరే హార్లన్, మోజెల్‌కి మతిమరుపు వచ్చిందిరా. కాఫీ సంగతి ప్రతిసారీ మర్చిపోతోంది. జనం తిట్టుకోకుండా నేనే సర్దుతున్నా. పైవాళ్ళకి తెలిస్తే షో తీసేస్తారు. ఎవరితోనూ అనకు."

ఆయన నాతో ఇన్ని మాటలు మాట్లాడి ఎన్నేళ్ళయిందో. మధ్యాహ్నాలు మా ఇంటి లైను ఎప్పుడూ ఖాళీ లేకపోవడం గుర్తొచ్చింది. అక్కణ్ణుంచి సరాసరి ఇంటికి పరిగెత్తాను. మా అత్తగారు హాల్లో, పౌడర్ రాసుకుని, ఫోన్ చెవికి ఆనించి నిలబడి ఉంది.

"చిటికెడే తల్లీ, ఎక్కువ వెయ్యకు. పొంగుతుంది, భయపడకు, కలుపుతూనే ఉండు. మరి మీ చంటాడికి జ్వరం తగ్గిందా?"

ఆవిడ ఫోన్ పెట్టి నన్ను చూసి తడబడింది. "అల్లుడూ, ఎవరికీ చెప్పనంటే చెబుతా. మీ అక్కకి పాపం మతిమరుపు వచ్చింది."

కార్ల్‌టన్‌కి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

ఆ సాయంత్రం ఇన్‌గ్రిడ్, నేను మోజెల్ వంటింట్లో కూర్చున్నాం. మోజెల్ ముందు దబాయించింది, తర్వాత ఎర్రపిట్ట ఉందంది, పప్పులుడకవని తెలిశాక చేతులు తుడుచుకుని కూర్చుంది.

"మొదట్లో దాచింది ఒట్టి పిసినారితనంతోనే. మా అమ్మ దాచింది, నేనూ దాచాను" అంది. "హాయ్ట్ వాళ్ళ పులుసు నేను షోలో చేసినరోజు మాత్రం కాఫీ సంగతి నిజంగానే మర్చిపోయాను. టెనెసీనుంచి ఎవరో ఫోన్ చేశారు. నా పొయ్యిమీద ఏదో మాడుతోంది, హాయ్ట్‌నే అడగమని నంబరిచ్చాను. ఆ ఆదివారం ఆయన గడ్డం గీసుకుని చర్చికొచ్చాడు. అప్పట్నుంచీ కావాలనే మర్చిపోతున్నా. ఏ వంట ఎవరిదో వాళ్ళకే ఒకటి వదిలేస్తున్నా."

"ఇంత మంచిపని చేస్తూ మాకెందుకు చెప్పలేదక్కా?"

"చెబితే వాళ్ళ చెవిన పడదూ? జాలిపడి చేయిస్తున్నానని తెలిస్తే హాయ్ట్ మళ్ళీ ఫోనెత్తుతాడా? మీ అత్తగారు ఎత్తుతుందా? వాళ్ళంతా నన్ను కాస్తున్నామనుకుంటున్నారు. అలాగే అనుకోనీ." ఆమె ఇన్‌గ్రిడ్ వైపు తిరిగింది. "ఇప్పుడు మీరు అన్నీ అచ్చేసేస్తే ఇంక వాళ్ళకెవరు ఫోన్ చేస్తారమ్మా?"

ఇన్‌గ్రిడ్ ముందున్న తీపి టీ మొత్తం తాగి గ్లాసు ముందుకి తోసి ఇంకొంచెం పొయ్యమంది.

శుక్రవారం ఆమె మా ఎదుటే న్యూయార్క్‌లో తన పై అధికారికి ఫోన్ చేసింది. పుస్తకం ఇలాగే, ఒక్కొక్కటి తగ్గించే వేద్దాం, కింద షో నంబరు వేద్దాం అంది. ఆయన అరుపులు మాక్కూడా వినిపించాయి. ఆమె ఓపికగా విని, "అయితే మీరే ఈ నంబరుకి ఫోన్ చేసి పులుసు సంగతి అడగండి" అని హాయ్ట్ నంబరిచ్చింది.

మధ్యాహ్నమంతా ఆయన్నుంచి ఉలుకూ పలుకూ లేదు. మోజెల్ ఆరోజు చేసిన వంటల్లో ఉప్పు మర్చిపోయింది, అదీ నిజంగానే. చీకటిపడే వేళకి ఫోన్ మోగింది. ఇన్‌గ్రిడ్ ఎత్తి, విని, రిసీవర్‌ని చేత్తో మూసింది. అప్పటిదాకా మేం చూడని నవ్వు ఆమె ముఖంమీద ఉంది.

"పుస్తకం అలాగే వెయ్యమంటున్నారు. ఛానెల్‌వాళ్ళతో ఆయనే మాట్లాడతారట. ఇంకొకటి అడుగుతున్నారు."

"ఏమిటి?" అంది మోజెల్ గుండె పట్టుకుని.

"ఆ కంచరగాడిద ఎక్కడ దిగింది అని."

ఎవరికీ తెలియదు. మర్నాడు మళ్ళీ హాయ్ట్‌కే చేసుకొమ్మన్నాం.

పుస్తకం వచ్చింది. దేశమంతా కొన్నారు, దేశమంతా ఫోన్లు చేశారు. మా ఊరి ముసలివాళ్ళకి మధ్యాహ్నం కునుకు తీసే తీరిక లేకుండా పోయింది. మోజెల్ ఇప్పుడు ధైర్యంగా అందరి ముందూ మర్చిపోతోంది. వాళ్ళు ఆమెని చూసి జాలిగా తలలూపుతున్నారు, ఆమె మతిమరుపుకి మందులు కూడా తెచ్చిస్తున్నారు. ఆమె బుద్ధిగా మింగుతోంది.

మొన్న మధ్యాహ్నం నేను ఇంట్లో ఒక్కణ్ణే మెలకువగా ఉన్నాను. ఫోన్ మోగింది. ఎక్కడో మంచు కురిసే ఊరినుంచి ఒక పడుచుపిల్ల గొంతు, కొత్తగా కాపురం పెట్టినట్టుంది. కారమెల్ పాకం గడ్డకట్టిందట, సాయంత్రం అత్తగారు భోజనానికొస్తోందట, ఏడుపొక్కటే తక్కువ. చిటికెడు సోడా. ఒక్క మాటలో తేలిపోయే సంగతి. నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకు వంట రాదమ్మా. ఉండు, పిలుస్తా" అన్నాను.

వెళ్ళి మా అత్తగారి తలుపు తట్టాను. ఆవిడ లేచి, కంగారుగా అద్దం ముందుకెళ్ళి జుట్టు దువ్వుకుంది, పౌడర్ రాసుకుంది.

"అవతలివాళ్ళకి మీరు కనిపించరు కదా అత్తయ్యా" అన్నాను.

"నీకేం తెలుసు, గొంతులో తెలిసిపోతుంది" అంది. వచ్చి రిసీవరు అందుకుని, గొంతు సవరించుకుని, "ఆఁ, చెప్పు తల్లీ. ముందు పొయ్యి కట్టేసి కూర్చో. మీ ఊళ్ళో చలి ఎలా ఉంది?" అంది.

నేను ఆవిడకి కుర్చీ తెచ్చి వేశాను.